గుమ్మంలో తన్ను

ఏప్రిల్ 18

పొద్దున్నుంచీ కరోనా టెస్టులకని జనం ముక్కుల్లో స్వాబ్ పుల్లలు పెట్టీ పెట్టీ చేతులు పడిపోయాయి. ల్యాబ్ నుంచి ఇంటికొస్తే నాది ఒకటే రూల్. గుమ్మం పక్కన బకెట్, బట్టలు అందులో, నేను బాత్రూమ్‌లో. ఆ తర్వాతే మా బుడంకాయని ఎత్తుకోవడం. నన్ను ముట్టుకుంటే చచ్చిపోతావని ఎన్నిసార్లు బెదిరించినా ఐదేళ్ళ పిల్లకి రూల్ ఎక్కుతుందా? ఇవాళ అత్తయ్య చెయ్యి విదిలించుకుని నా మీదికి పరుగెత్తుకొచ్చేసింది. చేత్తో ఆపలేను, రోజంతా రోగం పట్టుకున్న చేతులు. కాలెత్తాను. ఆపుదామనే. గట్టిగా తగిలింది. ఎగిరిపోయి చెప్పుల స్టాండ్ మీద పడింది. పెదవి చిట్లి ఒకటే నెత్తురు. నేను మాత్రం ముందు స్నానానికి వెళ్ళాను. నా బతుకు తగలెయ్య.

ఏప్రిల్ 19

గుమ్మం దాకా రాలేదు. హమ్మయ్య అనుకున్నాను. అదీ నా బుద్ధి.

జూలై 3

ఎలుగుబంటి బొమ్మని గోడకేసి తన్నుతోంది. కడుపులో దూది బయటికొచ్చినా ఆపదు. స్కూల్ లేక కొవ్వెక్కిందని అత్తయ్య అంది. నిజమేననుకున్నాను.

ఫిబ్రవరి 9

స్కూళ్ళు తెరిచి వారమైంది. టీచర్ ఫోన్ చేసింది. ఎవడో పిల్లాడు దీని భుజం మీద చెయ్యేశాడట. పొట్టలో తన్నిందట. వాడు మెట్ల మీద దొర్లి రెండు పళ్ళు ఊడగొట్టుకున్నాడు. ఇది మాత్రం ఇంకెవరైనా దగ్గరికొస్తారేమోనని కాలు ఎత్తి పట్టుకునే నిలబడిందట. ఇంకోసారి జరిగితే టీసీ ఇచ్చేస్తారట.

ఇంటికి తెచ్చి వీపు విమానం మోత మోగించాను. నా చెయ్యే వాచింది. అది ఏడవలేదు. గోడకి ఆనుకుని అడిగింది.

"నన్ను ముట్టుకుంటే వాడు చచ్చిపోతాడు కదమ్మా?"

కాలితో ఎందుకో కూడా చెప్పింది.

"చేత్తో తొయ్యకూడదు. నువ్వూ కాలితోనే కదా తన్నావు."

అది వాణ్ణి కాపాడిందట. నేను దాన్ని కాపాడినట్టే. నా కాలు విరిగిపోయినా బాగుండేది.

ఫిబ్రవరి 10

సెలవు పెట్టాను. దగ్గరికి తీసుకోబోతే చెయ్యి కొరికింది. పళ్ళు దిగాయి. కొరకనీ.

ఫిబ్రవరి 21

బకెట్ తీసి అవతల పారేశాను. గుమ్మంలో నేలమీద కూర్చుని రమ్మన్నాను. పరుగెత్తుకొచ్చి, అడుగు దూరంలో ఆగి, పొట్టలో తన్నింది. మళ్ళీ తన్నింది. ఇంకోసారి కాలెత్తితే పట్టుకున్నాను. వదిలెయ్యమ్మా చచ్చిపోతావ్ అని ఒకటే ఏడుపు. వదల్లేదు.