మీ చెల్లెలు ఎంచుకున్న ఆసుపత్రి

బావగారికి నమస్కారాలు.

మీరు శ్రమపడి పెద్ద ఆసుపత్రిలో గది మాట్లాడి పెడితే, మేము చెప్పకుండా వీధి చివరి చిన్న ఆసుపత్రిలో చేరామని మీకు కోపం వచ్చిందట. అత్తయ్య చెప్పారు. రావడం న్యాయమే.

మొన్న పరీక్షకు మీరు చెప్పిన చోటికే తీసుకువెళ్లాను. అక్కడ దేనికీ కొదవ లేదు. కానీ అందరి నోళ్లకూ మాస్కులే. చెవులు వినపడని మనిషి పెదవులు చూసే కదా మాట తెలుసుకునేది! డాక్టరు ఏదడిగినా మీ చెల్లెలు బిత్తరచూపులు చూసింది. కాన్పు గదిలోకి నన్ను రానిచ్చేది లేదన్నారు. ఇంటికొచ్చాక, "అక్కడ నేను ఒక్కదాన్నే అయిపోతాను" అని చేతులతో చెప్పి ఏడ్చింది.

ఇక్కడ నర్సమ్మ ఎదురుగా కూర్చుని, మాస్కు దించి, "మెల్లగా చెబుతానమ్మా. అర్థంకాకపోతే నా చెయ్యి నొక్కు. మీ ఆయన్నీ లోపలే ఉంచుతాం" అంది. మీ చెల్లెలు ఇక కదిలితే ఒట్టు. అవసరమైతే ఆపరేషన్ చేసే డాక్టరమ్మ ఉన్నారని తెలిశాకే నేనూ సరేనన్నాను.

నిన్న ఉదయం ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం. పుట్టగానే మీ చెల్లెలు కంగారుగా నా మొహంలోకి చూసింది, పిల్ల ఏడ్చిందా అని. నేను జవాబు చెప్పేలోపే నర్సమ్మ పిల్లను ఆమె గుండెల మీద పడుకోబెట్టి, ఆమె అరచేతిని ఆ చిన్ని వీపుకు ఆనించింది. ఏడుపు చేతికి తగిలింది. మీ చెల్లెలు నవ్వింది, బావగారూ.

వచ్చి ముందు నన్ను తిట్టండి, తరవాత మేనకోడలిని ఎత్తుకోండి. గొంతు మాత్రం అచ్చం మీదే.

తిట్లకు సిద్ధంగా ఉన్న
మీ బావ