సమాధి రాళ్ల మీద నవ్వులు

మా బంగారు తల్లి జోర్నిత్సాకి నాయనమ్మ ముద్దులు.

దగ్గు తగ్గిందా? మెడకు గుడ్డ చుట్టుకుంటున్నావో లేదోనని నాకు ఒకటే బెంగ. అటక మీద నీకు దొరికిన కెమెరా మీ తాతది. "పాత సామాను, పారేయనా?" అని రాశావు. అమ్మో, అంత పని చేయకు తల్లీ!

మన దగ్గర సమాధి రాయి మీద మనిషి ఫోటో ఉండాల్సిందే కదా. మన ఊరి రాళ్ల మీద ఉన్నవన్నీ, వాళ్లు బతికుండగా మీ తాత ఆ కెమెరాతో తీసినవే. పక్క ఊరి శ్మశానంలో అందరూ పోలీసుల్లా ఉరిమి చూస్తుంటారు. మనవాళ్లు మాత్రం నవ్వుతుంటారు. పక్కింటి పెన్కాని నిలబెట్టి, "పెన్కా, మీ అత్త పైనుంచి చూస్తోంది. నవ్వు, కుళ్లుకు చస్తుంది!" అని, ఆ నవ్వు రాగానే నొక్కేవాడు. వాళ్ల మధ్య నేను రాణిలా నడుస్తాను.

ఆయన రాయి మీద నా ఫోటోకు చోటు ఉంచారు. మీ నాన్న ఫోన్‌తో తీస్తే బెదిరిన కోడిలా పడ్డాను. ఆ ముఖంతో ఆయన పక్కన ఎలా ఉండను? ఈస్టర్‌కి కెమెరా తీసుకురా. బస్సులో ఒళ్లోనే పెట్టుకో. ఫిల్ము దొరుకుతుందో లేదో, ఇప్పటినుంచే వెతుకు. నీలం గౌను ఉతికి ఉంచాను.

నొక్కేముందు మీ తాత మాటే అను. మా అత్త పేరు స్తోయన్కా. పేరు పెట్టి మరీ అను, అప్పుడే నాకు నవ్వొస్తుంది.

నీ నాయనమ్మ