పంటి కింద వడ్లగింజ

మస్తానన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళ మన బుచ్చిరెడ్డిపాలెం మిల్లులో వడ్లు ఆరబెట్టే కొత్త డ్రయ్యర్ మొదలైంది. అంతకుముందు కొత్త మేనేజరమ్మ వారం రోజులు పనివాళ్ల పక్కనే కూర్చుంది. "వడ్లు ఆరినాయని మీకెట్టా తెలుస్తుంది?" అని ఒక్కొక్కరినీ అడిగింది.

"మస్తానన్న నేర్పించినాడమ్మా," అంటూ రమణమ్మ గింజ కొరికి చూపింది. బాగా ఆరి పటుక్కుమన్న గింజల తేమ కొలిచి, దాని ప్రకారమే మిషన్‌ను సరిచేశారు. ఈసారి ఎవరూ గొడవ చెయ్యలేదు.

మొదటి మిషన్ వచ్చినప్పుడు, సూపర్‌వైజరుగా నేను నిన్నొక్క మాటా అడగలేదు. అన్నేళ్లూ గింజ కొరికి వడ్ల ఆరుదల చూసిన నిన్ను తీసుకెళ్లి గేటు దగ్గర కూర్చోబెట్టాను. అక్కడా నువ్వు ప్రతి లారీలోంచి గింజ తీసి కొరికేవాడివి. "మానుకో అన్నా, అది నీ పని కాదు!" అని అరిచాను.

చివరికి మేనేజరమ్మ నన్నూ అడిగింది. గింజ కొరికాను. ఆరిందో లేదో నాకు తెలియలేదన్నా.