దిండు కింద బెల్లం

గోదావరిఖని,
16-11-2008, ఆదివారం.

పూజ్యులు సదయ్య కాక గారికి,

బుచ్చన్న బిడ్డ మమత నమస్కరించి రాస్తున్న ఉత్తరం. బెల్లంపల్లిలో మీరూ, లింగవ్వ చిన్నవ్వా, మీ బిడ్డా అల్లుడూ చల్లగా ఉండాలని కోరుతున్నాను. ఇక్కడ మేమూ క్షేమమేనని రాయడం మర్యాద. ఇవాళ ఆ మర్యాద నా చేత కాదు.

సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని మీరు నన్ను బడికి తీసుకుపోయిన రోజుల నుంచీ మిమ్మల్ని నువ్వు అనే పిలిచాను. ఇవాళ మీరు అని రాస్తున్నాను. గౌరవం పెరిగి కాదని మీకు వేరే చెప్పక్కర్లేదు. ఫోను చేద్దామని రెండుసార్లు నంబరు నొక్కాను. మీ దగ్గు వినపడితే నా కోపం నీరుగారిపోతుందని పెట్టేశాను. ఈ కోపం నాకు ఇంకా కొన్నాళ్ళు కావాలి.

ముందు బాపు సంగతి. కరీంనగర్ దవాఖానలో ఎడమ కాలి మూడు వేళ్ళు తీసేసి నెల దాటింది. పుండు మానలేదు. మొన్న కట్టు విప్పిన డాక్టరమ్మ, షుగరు దిగితేనే ఇది మానుతుంది, ఇంకో నెల చూస్తాను, అప్పటికీ మానకపోతే పాదం మొత్తం తీయాల్సి వస్తుంది అంది. బాపు ఆ మాట విని, ఏం గాదు బిడ్డా, భూమి లోపల నడిసినన్ని నడకలు నడిసిన, ఇంకేడికి నడుస్త అన్నాడు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇంకో సంగతి కూడా వినండి. మూడేళ్ళుగా పరగడుపు షుగరు రెండు వందల ఎనభైకి తగ్గని మనిషికి, మీరు ఊళ్ళో లేని ఈ వారంలో నూట తొంభై వచ్చింది. అవే మందులు, అవే జొన్న రొట్టెలు. మీరొక్కరే లేరు.

మూడేళ్ళ కిందట, మీరిద్దరూ బొగ్గు గని నుంచి రిటైరైన మరుసటేడు, బాపుకు షుగరని తేలిన రోజున నేను మీ దగ్గరికే కదా వచ్చాను? నేను స్కూల్లో ఉంటాను, అవ్వ మాట వినడు, నీ మాట వింటాడు, తీపి ముట్టకుండా నువ్వే చూసుకో కాకా అన్నాను. మీరు నా నెత్తిన చెయ్యి పెట్టి, ఫికర్ జెయ్యకు బిడ్డా, నేనున్న గద అన్నారు. నేను ఫికర్ చెయ్యలేదు. దొంగ చేతికే తాళం ఇచ్చి నిశ్చింతగా పిల్లలకు జీర్ణవ్యవస్థ పాఠం చెప్పుకున్నాను.

షుగరు దిగకపోతే నేనెవర్ని అనుమానించానో తెలుసా? అవ్వను. నువ్వే చాటుగా పెడుతున్నావు, నీ ప్రేమతోనే ఆయన్ని చంపుతావు అని ఎన్నిసార్లు అరిచానో! ఆ ముసలిది ఇంట్లో చక్కెర డబ్బానే ఎత్తేసింది. తనూ చప్పిడి చాయే తాగింది. బతుకమ్మకు తీపి మలీద ముద్దలు కూడా చెయ్యలేదు. అయినా నేను నమ్మలేదు. పోయిన ఉగాదికి ఒట్టు వెయ్యమన్నాను, వేసింది. అప్పుడూ నమ్మలేదు. మీ వల్ల నేను కన్నతల్లి ముందు దోషినయ్యాను కాకా.

పోయిన శనివారం సాయంత్రం స్కూలు నుంచి వచ్చేసరికి మీరు బాపు మంచం పక్కన కూర్చుని ఉన్నారు. మంచం కోడు మీదుగా చీమలు బారు కట్టి పైకి పోతున్నాయి. పుండుకు పట్టాయనుకున్నాను. కట్టు చుట్టూ చూశాను, ఒక్కటి లేదు. బారు వెంట చూపు పోనిస్తే దిండు దగ్గర ఆగింది. దిండు ఎత్తాను. పేపర్లో చుట్టిన బెల్లం ముక్క, ఒక పక్క కొరికింది. బాపు గోడ వైపు తిరిగాడు. మీరు నేల చూశారు.

వేళ్ళు తీసేసిన మనిషికి కాకా! ఆ కట్టు మీ కళ్ళెదుటే ఉంది. పలకరించడానికి వచ్చే నెపంతో జేబులో బెల్లం పెట్టుకుని రావడానికి మీకు మనసెట్లా వచ్చింది? దుమ్ము దిగాలె గద బిడ్డా, లోపల్నే ఉంటే పానం తీస్తది అని గొణిగారు. అప్పుడే నేను ఆ మాటలన్నాను. ఎవడు చెప్పాడు మీకు, ఏ డాక్టరు చెప్పాడు, ఏ పుస్తకంలో రాసి ఉంది అని వాకిలి దాకా వినపడేలా అరిచాను. మీరు తలెత్తి బాపు వైపు చూశారు. బాపు చెయ్యి అడ్డంగా ఊపాడు. మీరు లేచి వెళ్ళిపోయారు. మర్నాడే రామగుండంలో బండెక్కి మీ బిడ్డ ఇంటికి చేరారు. జవాబు లేకనే పారిపోయారని నేను అనుకుంటున్నాను.

గనిలో తట్టా, చెమ్మస్ అనే పారా పట్టి బొగ్గు నింపిన రోజుల నుంచీ షిఫ్టు దిగగానే మీ అందరికీ బెల్లం ముక్క ఒక అలవాటు. అది తింటే లోపలి దుమ్ము జారిపోతుందని మీ నమ్మకం. ఇరవై ఎనిమిదేళ్ళు నన్ను పెంచారు కాబట్టి ఒక పది నిమిషాలు నా పాఠం వినండి. గొంతు దాటాక దారులు రెండు. ముద్ద పోయే గొట్టం వేరు, గాలి పోయే గొట్టం వేరు. మంచినీళ్ళు ఒక్క చుక్క దారి తప్పి గాలి గొట్టంలోకి పోతేనే కళ్ళ నీళ్ళు వచ్చేదాకా దగ్గుతామే, మరి బెల్లం ఊపిరితిత్తుల్లోకి దిగి ఎట్లా కడుగుతుంది? అది కడుపులోకి పోతుంది, చక్కెరై రక్తంలో కలుస్తుంది. బాపు రక్తంలో అప్పటికే పొంగి పొర్లుతున్న చక్కెర మీద ఇంకొంత.

పొద్దున్నే నల్లగా ఉమ్మి పడేది, బెల్లం పని చేసిందని మీరు అనుకునేవారు. గాలి గొట్టం గోడలకు కంటికి కనపడని సన్నని నూగు ఉంటుంది. పడ్డ దుమ్మును అది రాత్రీ పగలూ పైకి ఊడుస్తూనే ఉంటుంది. ఆ పనికి దానికి బెల్లం కూలి అక్కర్లేదు. మీరే గుర్తు చేసుకోండి. సమ్మె రోజుల్లో బియ్యానికే తిప్పలైతే బెల్లం ఎవరు కొన్నారు? అయినా నాలుగో రోజుకు మీ రుమాళ్ళు తెల్లగా అయ్యాయని అవ్వ ఇప్పటికీ చెబుతుంది. దుమ్ము మింగడం ఆగింది కాబట్టి ఉమ్మి తెల్లబడింది, అంతే. ఎండిన గొంతుకు బెల్లం హాయిగా ఉంటుంది, కాదనను. కానీ మరీ మెత్తని దుమ్ము ఆ నూగును తప్పించుకుని ఊపిరితిత్తుల అడుక్కు చేరుతుంది. దాన్ని తిండితో బయటికి తేవడమనేది ఇంతవరకూ మనుషుల్లో రుజువు కాలేదు. బెల్లం తేలేదు, అరటిపండు తేలేదు, మీకు ఇష్టమైన కల్లూ తేలేదు. లోపలికి పోకుండా ఆపడం ఒక్కటే దారి. దానికే మాస్కు. బెల్లం ఉండగా మూతికి గుడ్డెందుకు అని మీరిద్దరూ దాన్ని మేకుకు తగిలించి గనిలోకి దిగారు.

మీ భయం నాకు తెలియక కాదు. మీ అన్న ఆగయ్య పెద్దబాపు ఆఖరి నాలుగు నెలలు పడుకోలేక, గోడకు ఆనుకుని కూర్చుని, చేపలా నోరు తెరుచుకుని పోయాడు. మీరూ బాపూ వంతులేసుకుని ఆయన వీపు నిమిరారు. పంటి నొప్పికి ఆయన బెల్లం ముట్టేవాడు కాదు, అందుకే పోయాడని మీరు లెక్క తేల్చారు. మాస్కు లేదు, దినానికి రెండు కట్టల బీడీలు, అవి మీ లెక్కలోకి రాలేదు. షుగరైతే పదేండ్లకు సంపుతది, దుమ్మైతే గిట్ల సంపుతది అని బాపు నిన్న నాతో అన్నాడు. భయపడ్డారు, ఒప్పుకుంటాను. భయపడితే నన్ను అడగొచ్చు కదా? ఇంట్లోనే ఒక జీవశాస్త్రం టీచరు ఉందే! నాకు టీచరు ఉద్యోగం వచ్చిన రోజున కాలనీ అంతా జిలేబీలు పంచింది మీరే. నా చదువు పంచిపెట్టడానికి పనికొచ్చింది, నమ్మడానికి పనికిరాలేదా?

ఇంతకంటే రాస్తే నోరు జారుతుంది. బాపు రోజూ పొద్దున వాకిట్లో చప్పుడైతే సదయ్యనా అని అడుగుతున్నాడు. కాదని చెబుతున్నాను. ఆ పుండు మానేదాకా మా గడప తొక్కకండి. మానకపోతే అసలే రాకండి.

చిన్నవ్వకు నా నమస్కారాలు. ఆమె మీద నాకు ఏ కోపమూ లేదు.

ఒకప్పటి మీ సైకిలు పిల్ల,
మమత

తా.క. : కవరు మీద రాయడానికి బెల్లంపల్లి అడ్రసు కావాలంటే అవ్వ రేకుపెట్టె తెరిచింది. చీరలు పైకి తీస్తుంటే అడుగున పాలిథిన్ కవర్లో చుట్టిన చార్టు ఒకటి కనపడింది. అవ్వ గబుక్కున దాని మీద తువ్వాల కప్పింది. లాక్కుని విప్పాను.

నా చేతిరాతే. పదో తరగతి, సైన్స్ ఎగ్జిబిషన్, 1995. నెత్తిన లైటు పెట్టుకున్న కార్మికుడు, రెండు ఊపిరితిత్తులు, వాటిలోంచి నల్ల చుక్కల్ని బయటికి తోలుతున్న ఎర్ర బాణాలు. పైన లావు అక్షరాలతో ‘బెల్లం తింటే ఊపిరితిత్తుల్లోని బొగ్గు దుమ్ము పోతుంది: శాస్త్రవేత్తల రుజువు’. కింద మొదటి బహుమతి ముద్ర.

పేపర్లో చిన్న వార్త చూసి రాశాను కాకా. అది ఎలుకల మీద చేసిన ప్రయోగం. ఆ మాట వార్తలో ఉంది, నా చార్టులో లేదు. చోటు చాలక కాదు, ఎలుకలంటే అందరూ నవ్వుతారని, బహుమతి రాదని వదిలేశాను. మరిచిపోయానని రాస్తే అదీ అబద్ధమే. గుర్తు చేసుకోకుండా ఇన్నేళ్ళు జరుపుకొచ్చాను.

మిగతాది అవ్వ చెప్పింది. ఆ ఏడే మీకు మాస్కులిచ్చారట. నువ్వు వారం రోజులు పెట్టుకున్నావట కూడా. బాపు ఈ చార్టు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, నా బిడ్డ సైన్సుల రాసింది, గవుర్మెంటు ముద్ర పడ్డది అని చూపించాక మీ ఇద్దరి మాస్కులూ మేకుకు ఎక్కాయట. పోయిన శనివారం నువ్వు వెళ్ళాక బాపు అవ్వను పిలిచి, దాన్ని పొయ్యిల వెట్టు, పిల్ల కంట వడితె జిందగీ అంత ఏడుస్తది అన్నాడట. ముద్ర చూసి అవ్వకు చేతులు రాలేదు. ఎవడు చెప్పాడని నేను అరిచినప్పుడు నీ దగ్గర జవాబు ఉంది. నా తిట్లన్నీ తిని, ఊరు విడిచి పోయావు గానీ, నా పేరు చెప్పలేదు.

ఉత్తరం చింపేద్దామనుకున్నాను. చింపితే రెండోసారి దాచినట్టవుతుంది. అందుకే అంతా అట్లాగే పంపుతున్నాను. నువ్వు మాట తప్పిన కోపం నాకు ఇంకా ఉంది, అది వేరే తేల్చుకుందాం.

ఈ ఉత్తరం అందిన రోజే బండెక్కు కాకా. ఎక్కేముందు నువ్వూ చిన్నవ్వా అక్కడే రక్తం ఇచ్చి షుగరు చూపించుకోండి. ఆ ముక్కలు నువ్వూ తిన్నావు. వచ్చేటప్పుడు ఏమీ తేకు.

చార్టును బాపు మంచానికి ఎదురుగా గోడకు తగిలించాను. వదిలేసిన మాట ఎర్ర స్కెచ్‌తో చేర్చాను, ‘ఎలుకల్లో మాత్రమే’ అని. బాపు తలెత్తి చదివాడు. గంత చిన్నగ రాసినవేంది బిడ్డా, సదయ్యకు కండ్లు సరిగ ఆనవు గద, పెద్దగ రాయి అన్నాడు. పెద్దగా రాశాను. వచ్చి చదువు.