దత్తత కాగితం

కొలువు కార్యదర్శి ఓస్టర్‌వాల్డ్ దొరగారికి, కోటవీధి కమ్మరి నమస్కరించి వ్రాసేది. నా చదువు అంతంతమాత్రం, తప్పులుంటే మీరే దిద్దుకోండి.

నా కొడుకు లేబెరెఖ్ట్‌ను లిస్బన్‌కు రాయబారిగా పంపుదామని మంత్రిగారు పేరు వ్రాస్తే, రాజుగారు స్వయంగా కొట్టివేశారు. మొన్న మీరు నా కొలిమి దగ్గరికి వచ్చి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "పెద్దాయనా, పరాయి కొలువులో రాయబారి నిలబడితే మన రాజే నిలబడినట్టు. రాజు కమ్మరి కొడుకెలా అవుతాడయ్యా?" అన్నారు. ట్రౌట్సెన్ ప్రభువు వాణ్ణి దత్తత తీసుకుంటాడనీ, నేను ఒప్పుకుని సంతకం పెడితే రాజుగారూ వాడి నియామకం మీద పెడతారనీ చెప్పి కాగితం ఇచ్చి వెళ్లారు.

నిన్న వాడూ వచ్చాడు. "కాగితం మీదే కదా నాన్నా. ఇంట్లో నువ్వే నాన్నవి" అన్నాడు.

"అయితే ఆ ప్రభువును ఇంట్లో నాన్నా అని పిలుచుకో. కాగితం మీద నన్నుండనీ" అన్నాను. వాడు టోపీ తీసుకుని వెళ్లిపోయాడు.

రాజుగారి గుర్రాలకు ఇరవై ఏళ్లుగా నాడాలు కొడుతున్నాను. వాటి మీద ఊరేగేటప్పుడు లేని నామోషీ నా కొడుకు దగ్గర ఎందుకొచ్చిందో ఆయన్నే అడగండి. వాడికి నాలుగు భాషలు చెప్పించింది ఈ సుత్తే.

కాగితం తిప్పి పంపుతున్నాను. వాడికి ఆ రాయబారి ఉద్యోగం దక్కదని తెలుసు. వాడు నాతో మాట్లాడడనీ తెలుసు. తనకు ఇష్టం లేని చోట రాజుగారు సంతకం పెట్టలేదు. నేనూ పెట్టలేదు.