మా ఆయన పాటల్లో ఆమె

అక్కా,

దేవుడు నిన్నూ బావనూ చల్లగా చూడాలని రోజూ అడుగుతున్నాను. ఈ ఉత్తరం మాత్రం బావకు చూపించకు. ఆయన నవ్వుతారు, నాకు ఏడుపొస్తుంది.

పెళ్ళయి ఐదు నెలలయింది. మా ఆయన మంచివారు. తాగరు, కసరరు, కూరలో ఉప్పు ఎక్కువైతే నీళ్ళు ఎక్కువ తాగి ఊరుకుంటారు. ముందుగది బట్టలు కుట్టే దుకాణం, వెనకగది మా ఇల్లు, మధ్యలో ఒక తెర. తెర ఇవతల నేను కాజాలు కుడతాను. అవతల ఆయన మిషను తొక్కుతూ పాడతారు. నా బాధంతా ఆ పాటలే.

అన్నీ మనసు విరిగిన పాటలు. ఒకదాంట్లో ఆమె మాటిచ్చి వెళ్ళిపోతుంది. ఇంకోదాంట్లో ఆమె వేరొకరి చెయ్యి పట్టుకుని నడిచిపోతుంటే అతను వానలో నిలబడి చూస్తాడు. మూడోదాంట్లో చచ్చిపోతానంటాడు కానీ రెండు చరణాలూ పూర్తయ్యేదాకా చావడు. ఒక్క పాటలోనూ ఎవరూ పెళ్ళి చేసుకుని కాపురం చెయ్యరు. పొద్దున మొదలుపెడితే భోజనం వేళకు ఆమె ఏడుసార్లు వెళ్ళిపోతుంది. నిజంగా ఎవరో వెళ్ళిపోకపోతే ఒక మనిషికి ఇన్ని పాటలు ఎందుకు గుర్తుంటాయి?

పెళ్ళిలో పాస్టరుగారు అడిగారు కదా, కలిమిలోనూ లేమిలోనూ, జబ్బులోనూ ఆరోగ్యంలోనూ ఈమెతో ఉంటావా అని. "ఉంటాను" అన్నారు. నాకు ఆ ఒక్క మాట. ఆమెకు ఇన్ని చరణాలు.

అడుగుదామంటే నోరు పెగలదు. కొత్తలో మంచం పక్క దీపం ఆర్పమని అడగడానికే నాకు రెండు వారాలు పట్టింది. అందుకని బుధవారం స్త్రీల ప్రార్థన కూటంలో పేరు చెప్పకుండా ఒక మనవి పెట్టాను. ఒక సహోదరి భర్త మనసులో వేరే స్త్రీ ఉంది, ఆ మనసు తిరిగేలా ప్రార్థించండి, ఆయన టైలరు, అన్నాను. చివరి ముక్క నోరు జారింది. మా సంఘంలో టైలరు ఒక్కరే.

ఆదివారందాకా చూసి నీ దగ్గరికి వచ్చేస్తాను. నా ఇంట్లో నేను రెండోదాన్నిగా ఉండలేను.

నీ చెల్లి


అక్కా,

నేను రావడం లేదు. ఈ ఉత్తరం బావకు కూడా చదివి వినిపించు, నవ్వితే నవ్వనీ.

శుక్రవారం పదకొండింటికి తొమ్మిదిమంది స్త్రీలు దుకాణంలోకి వచ్చారు. రెండు రోజులుగా మా ఆయన కోసం ఉపవాసం ఉన్నారట. ముందు పాస్టరమ్మగారు, వెనక ఉద్యోగం మానేసిన నర్సమ్మగారు. ఆయన కొలతలకు వచ్చారనుకుని టేపు అందుకుని, ముందు ఎవరు అని అడిగారు. "ముందు నువ్వే నాయనా" అని నర్సమ్మగారు ఆయన నెత్తిమీద చెయ్యి వేసేశారు. ఇక అందరూ ప్రార్థన ఎత్తుకున్నారు. ఆ స్త్రీ ఎక్కడున్నా ఆమె తలపు ఈ బిడ్డను వదలాలని ప్రార్థించారు. మా ఆయన మర్యాదస్థులు, ప్రార్థన మధ్యలో మాట్లాడరు. పావుగంట కళ్ళు మూసుకుని నిలబడ్డారు. రెండుచోట్ల ఆమేన్ కూడా అన్నారు. అంతా అయ్యాక మెల్లగా అడిగారు.

"ఆ స్త్రీ ఎవరమ్మా?"

అందరూ తెర వైపు చూశారు. తెర కింద నా కాళ్ళు కనిపిస్తున్నాయట. బయటికి రాక తప్పలేదు.

"మీరు పొద్దస్తమానం పాడుకుంటారే, ఆమె" అన్నాను.

ఆయనకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అప్పుడు మిషను ముందు కూర్చుని, ఒక గుడ్డముక్క పెట్టి, సంతోషంగా జంటలు పాడుకునే పాట అందుకున్నారు. కాలు ఉరుకులు పెట్టింది, కుట్టు వంకరటింకరగా పోయింది. ఇంకో ముక్క పెట్టి వానలో నిలబడే పాట పాడారు. కుట్టు గీత గీసినట్టు వచ్చింది. పని నేర్పిన గురువుగారు అలాగే నేర్పారట, కాలరుకు ఒక పాట, కోటు లోపలి గుడ్డకు ఒక పాట. ఏడుపు పాటకు కాలు నెమ్మదిస్తుందట. మాటల మీద ఆయనెప్పుడూ మనసే పెట్టలేదట.

నర్సమ్మగారు ఊరుకోలేదు. కీర్తనలు పాడుకోవచ్చు కదా అన్నారు. "పాడి చూశానమ్మా. కళ్ళు మూసుకుపోతాయి. ఒకసారి వేలి మీదుగా కుట్టేసుకున్నాను" అని వేలు చూపించారు. ఆవిడ పట్టుకుని చూసి, మానిందని చెప్పి వదిలారు.

పాస్టరమ్మగారు నవ్వు ఆపుకుని నాతో అన్నారు, "వదిలిపోయినవాళ్ళ మీద ఎన్ని పాటలో చూడమ్మా. ఉండిపోయినవాళ్ళ మీద ఒక్కటీ రాదు. ఉన్నవాళ్ళకు పనుంటుంది కదా."

వాళ్ళు వెళ్ళాక మా ఆయన నా వైపు చూడకుండా, సూదిలో దారం ఎక్కిస్తూ మాట్లాడారు. "పాటలో మాటలు ఎవరో రాసినవి. పాస్టరుగారు అడిగితే నేను చెప్పిన మాట ఒక్కటే నాది. దానికి రాగం లేదు. అందుకని పాడుకోను."

అక్కా, ఆ రోజంతా నా కాజాలు ఒక్కటీ సరిగా కుదరలేదు.

ఇప్పుడు కొత్త చిక్కు వచ్చింది. నా మూలంగా ఆయన మాటలు వినడం మొదలుపెట్టారు. నిన్న ఒక కోటు సగంలో ఉండగా మిషను ఆగిపోయింది. వెళ్ళి చూస్తే ఆయన కళ్ళల్లో నీళ్ళు. "పాపం, మాటిచ్చి అలా ఎలా వెళ్ళిపోయిందే ఆ పిల్ల?" అన్నారు. కోటు సాయంత్రానికి ఇవ్వాలి. నాకు సిగ్గు వేసింది కానీ, ఆయన భుజం మీద చెయ్యి వేశాను.

"నేనున్నాను కదా. మీరు తొక్కండి" అన్నాను.

నీ చెల్లి