పిడికిలి పట్టేంత జేబు

సురంగల్, శుక్రవారం

ప్రేమగల వసంతమ్మ వదినకు,

నిన్న మొయినాబాద్‌లో మన కుట్టు సంఘం మీటింగ్‌లో నాకు నోరు పెగల్లేదు. నలుగురిలో నా గొంతు లేవదని నీకు తెలుసు. అందుకే మైసమ్మ తల్లికి దీపం పెట్టి, దండం పెట్టుకొని రాస్తున్నాను. చుట్టుపక్కల సర్కారు బళ్లన్నిటికీ డ్రెస్సులు కుట్టేది మన సంఘమే. అన్నీ ఒక్కతీరుగా ఉండాలని పైనుంచి చెప్పారు, నిజమే. అయినా మా ఊరి బడి ఆడపిల్లల డ్రెస్సులకు పక్కకుట్టులో జేబులు పెట్టాను. కటింగ్‌లో మిగిలిన ముక్కలతోనే పెట్టాను. సంఘం పెద్దవు కదా, నువ్వు ఒకటి ఎత్తి అందరికీ చూపించి, "ఆడపోరిలకు జేబులెందుకే ధనమ్మా, బీడీలు పెట్టుకునేతందుకా?" అన్నావు. అందరూ నవ్వారు. "సోమారం లోపు అన్నీ ఇప్పు. లేకుంటే సంఘం మిషన్ వాపస్ ఇయ్" అన్నావు.

ఎందుకు పెట్టానో చెబుతాను. మా అన్నకు కూడా తెలియదు. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, నెలసరికని మడిచిన గుడ్డ పిడికిట్లో దాచుకొని బయటికి పోతుంటే సారు ఆపాడు. "చేతుల ఏందే? సూపియ్" అన్నాడు. చూపించాను. ఆనాడు నవ్విన తరగతీ, నిన్న నవ్విన మీటింగూ నాకు ఒక్కలాగే వినిపించాయి.

విప్పను వదినా. మిషన్ తుడిచి, నూనె వేసి అరుగు మీద పెట్టాను. ఆటో పంపు. దానికి ఈరోజే పసుపు కుంకుమ పెట్టాను, చేతులు కడుక్కొని ఎత్తమను.

నీ ఆడబిడ్డ,
ధనమ్మ

సురంగల్, మంగళవారం

వదినా,

నిన్న సంగయ్య ఆటో వచ్చింది. మిషన్ చూపించి పక్కకు జరిగాను. "దాన్ని లోపల పెట్టుకో అవ్వా" అంటూ పెద్ద మూట దించాడు. విప్పి చూస్తే చిన్న మంగళారం ఊరి బడి ఆడపిల్లల డ్రెస్సులు. పక్కకుట్లు ఊడదీసి ఉన్నాయి.

"అన్ని బళ్లయి ఒక్కతీరే ఉండాలె కదా! గందుకే గిన్నిటికీ జేబులు కుట్టుమన్నది మీ వదినె. పైనోళ్లు అడిగితే, బీడీలు పెట్టుకునేతందుకని ఆమెనే చెప్తదట" అన్నాడు.

నువ్వు చెబుతావు, నాకు తెలుసు. కానీ వాళ్లొచ్చిన రోజు నన్ను కూడా పిలువు. గొంతు లేవకపోయినా నీ పక్కన నిలబడతాను.

మూటలో ఒకదానికి జేబు ముందే ఉంది. వంకర కుట్టు చూడగానే నీదని తెలిసింది. రెండు వేళ్లు కూడా పట్టవు. విప్పనని అంత గట్టిగా రాసిన నేను, అదొక్కటి విప్పాను. పిడికిలి పట్టేంత పెట్టి మళ్లీ కుట్టాను.

నీ మొండి ఆడబిడ్డ,
ధనమ్మ